వేట నుంచి సేద్యానికి: దక్కనులో ముందు వచ్చింది పంటా, పశువా?

బడిపంతులు:
సభ్యులందరికీ నమస్కారం. ఆదిమానవుడు వ్యవసాయంలోకి ఎలా వచ్చాడన్న పాఠాన్ని మేము పిల్లలకు ఏళ్ల తరబడి ఒకే వరుసలో చెబుతూ వస్తున్నాం. మనిషి వేటాడాడు, దుంపలు తవ్వుకున్నాడు, ఒకనాడు పారేసిన గింజ మొలకెత్తడం చూశాడు, నేల దున్నాడు, పొలం పక్కన ఊరు కట్టుకున్నాడు, దున్నడానికి పశువును మచ్చిక చేసుకున్నాడు, తీరిక చిక్కింది కాబట్టి కుండలు చేశాడు. మెట్ల మీద మెట్టు ఎక్కినట్టు ఉండే ఈ వరుస పిల్లలకు సులువుగా గుర్తుంటుందనడంలో సందేహం లేదు. అయితే పాలమూరు, అనంతపురం, బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లోని బూడిద దిబ్బల గురించి చదివినప్పటి నుంచి, ఈ వరుస మన నేలకు పొసగదేమోనన్న అనుమానం నాకు మొదలైంది. అక్కడ బయటపడ్డవాటిలో పంట కన్నా పశువు ఆనవాళ్లే ముందు కనిపిస్తున్నాయి. తెలిసినవారు రెండు విషయాలు వివరించగలరా? దక్కనులో ఏది ముందు వచ్చింది? అడవిలో తిండి దొరుకుతుండగా, వెన్ను విరిగే చాకిరీ ఉన్న సేద్యాన్ని మనిషి ఎందుకు నెత్తికెత్తుకున్నాడు?

రాతిగొడ్డలి:
పంతులు గారూ, మీ అనుమానానికి ఆధారముంది. ముందు దిబ్బల సంగతి చెబుతాను, ఎందుకంటే అవేమిటో తెలుసుకోవడానికే నూరేళ్లకు పైగా పట్టింది.

1836లో న్యూబోల్డ్ అనే ఆంగ్లేయ అధికారి బళ్లారి దగ్గరి కుడతిని దిబ్బను చూసినప్పుడు, అది హిడింబాసురుడి చితాభస్మమని స్థానికులు ఆయనకు చెప్పారు. హంపి పక్కన నింబాపురంలో ఉన్న దిబ్బను ఇప్పటికీ వాలిని దహనం చేసిన చోటుగా చూపిస్తారు. చదువుకున్నవారి ఊహలు కూడా వీటికన్నా మెరుగ్గా ఏమీ లేవు: ఒకరు అగ్నిపర్వతపు బూడిద అన్నారు, ఒకరు ఇటుక బట్టీ అన్నారు, ఇంకొకరు కొలిమి చిట్టెం అన్నారు. దిబ్బల లోపల కొన్నిచోట్ల బూడిద కరిగి, గాజు మెరుపుతో గట్టిపడి ఉండటమే ఈ ఊహలకు కారణం. ఇవి నవీన శిలాయుగపు పశుపాలకులు వదిలిన పేడ బూడిదలని పందొమ్మిదో శతాబ్దంలోనే గట్టిగా వాదించినవాడు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆ బూడిద పేడదేనని ప్రయోగశాలలో తేల్చింది జాయ్నర్ అనే పరిశోధకుడు, అదీ 1950ల చివరలో.

దాదాపు అదే సమయంలో, 1957లో, పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వాడు. ఉట్నూరు అనగానే ఆదిలాబాద్ జిల్లా ఊరు గుర్తుకు వస్తుంది, కానీ ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరు. బూడిద పొరల కింద ఆయనకు వరుసగా గుంజలు పాతిన గుంతలు కనిపించాయి. మొద్దులను పక్కపక్కనే నిలబెట్టి కట్టిన దొడ్డి అది. ఒకసారి కాలిపోయాక అదే చోట మళ్లీ కట్టారు, అదీ కాలింది, మళ్లీ కట్టారు. ఆ పొరల మధ్య, ఒకప్పుడు తడిగా ఉండి తర్వాత గట్టిపడిన నేల మీద, పశువుల గిట్టల అచ్చులు విడివిడిగా, గిట్ట చీలికతో సహా నిలిచి ఉన్నాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన అచ్చులవి. ఆలమందను రాత్రిపూట దొడ్డిలో కట్టేవారు, పేడ పేరుకునేది, దాన్ని కొంతకాలానికి కాల్చేవారు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఎక్కడా దొరకదు.

ఇలాంటి దిబ్బలు కృష్ణా, తుంగభద్రల మధ్య నేలలోనూ దాని చుట్టుపక్కలా వందకు పైగా ఉన్నాయి. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బను వి. రామిరెడ్డి తవ్వారు, కర్ణాటకలోని బూదిహాళ్‌ను కె. పద్దయ్య 1990ల దాకా ఏళ్ల తరబడి తవ్వారు. బూదిహాళ్‌లో దొడ్డి పక్కనే ఇళ్లు, రాతి పనిముట్లు చెక్కిన చోటు, జంతువులను కోసి పంచుకున్న చోటు కూడా బయటపడ్డాయి. కనుక వీటిని కేవలం మేత కోసం తిరిగేవారి తాత్కాలిక మకాములని కూడా అనలేము.

పాలమూరు బిడ్డ:
మా వైపు ఇలాంటి దిబ్బల్లో సగానికి సగం ఇప్పుడు కాగితాల మీదే మిగిలాయి. బూడిద పొలానికి మంచి ఎరువని రైతులు బండ్లతో తోలుకుపోయారు, తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, మిగిలింది రోడ్డు పనులకు పోయింది. తప్పుపట్టి లాభం లేదు, అది ఏమిటో వాళ్లకు చెప్పినవారెవరు?

నాదొక ప్రశ్న. పేడ మన ఇళ్లలో పొయ్యిలోకి పిడక, పొలంలోకి ఎరువు. దాన్ని దొడ్డి దొడ్డిగా తగలబెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే. ఎందుకు కాల్చినట్టు? మన భోగి మంటలకూ దీనికీ ఏదైనా సంబంధం ఉందా?

రాతిగొడ్డలి:
ఆల్చిన్ కూడా సరిగ్గా ఇటువైపే ఆలోచించాడు. హోలీ, దీపావళి, పొంగలి వంటి పండుగల మంటలు, పశువులను మంటల మీదుగా దాటించే ఆచారాలు చూసి, ఈ దొడ్లను కాల్చడం ఏటా ఒక కాలానికి జరిగే క్రతువై ఉంటుందని ఆయన అభిప్రాయపడ్డాడు. పురుగు, తెగులు పోగొట్టడానికి కాల్చి ఉంటారని మరికొందరు అన్నారు. ఇంకొందరు ఇటీవలి పరిశోధకులు, అంత ఎత్తుకు పోగుచేయడమే ఉద్దేశమనీ, మంద ఎంత పెద్దదో దూరం నుంచే చూపించే గుర్తుగా దిబ్బను పెంచారనీ వాదిస్తున్నారు. ఈ మూడింటిలో ఒకదానికొకటి అడ్డు ఏమీ లేదు. కానీ మన భోగి నేరుగా అక్కడి నుంచే దిగివచ్చిందని చెప్పాలంటే మధ్యలో మూడు వేల ఏళ్ల ఖాళీని పూరించాలి. నేనైతే ఆ మాట అనను.

మీ ప్రశ్నలోని రెండో సగమే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తోంది. అంత ఎరువు చేతిలో ఉండి కూడా కాల్చేశారంటే, దిబ్బల తొలికాలంలో వారి బతుకు పొలం మీద ఆధారపడి లేదనే అనిపిస్తుంది. పంట మీద ఆశ ఉన్నవాడు పేడకు నిప్పు పెట్టడు.

మెట్టరైతు:
రాతిగొడ్డలి గారూ, ఆ ఆఖరి మాట దగ్గర ఆగాలి. బూడిద కూడా ఎరువే, పాలమూరు రైతులు బండ్లకెత్తింది అందుకే కదా. పైగా మంద ఎక్కడ పడుకుంటే ఆ నేల బలుస్తుంది. రాయలసీమలో ఇప్పటికీ గొర్రెల కాపరికి గింజలో, డబ్బులో ఇచ్చి చేనులో మంద పెట్టించుకుంటాం. దొడ్డి ఎత్తేసిన చోట మరుసటి వానకు మొలిచే గడ్డి పక్క నేల గడ్డి కన్నా మోకాలెత్తు ఎక్కువ పెరుగుతుంది. దాన్ని గమనించడానికి శాస్త్రం అక్కర్లేదు. పశువును పెంచినవాడే పంట సంగతి ముందు కనిపెట్టి ఉంటాడని నా నమ్మకం.

అండుకొర్ర:
చర్చ ఇంతవరకు పశువు చుట్టూనే తిరిగింది కనుక గింజల వైపు నుంచి కొంత చెబుతాను. నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి, ఈ విషయం మీద ఆసక్తితో చదువుతున్నాను.

పాత తవ్వకాల్లో గింజలు దొరకకపోవడానికి ముఖ్య కారణం వాటిని వెతికే పద్ధతి లేకపోవడమే. ఆవాలంత గింజ పార దెబ్బకు కనిపించదు. ఇప్పుడు ప్రతి పొర నుంచీ మట్టిని బకెట్లలోకి తీసి, నీళ్లు పోసి కలియబెడతారు. మట్టి అడుగుకు దిగుతుంది, పొయ్యిలో మాడి బొగ్గైన గింజలు పైకి తేలుతాయి. ఆ పైనీటిని సన్నని జల్లెడలోకి వంచి, మిగిలినదాన్ని నీడలో ఆరబెట్టి (ఎండలో పెడితే మాడిన గింజ పగిలిపోతుంది), సూక్ష్మదర్శిని కింద గింజ గింజనూ వేరు చేస్తారు. డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్ బృందం 1990ల చివరి నుంచి ఈ పద్ధతిలో సంగనకల్లు, తెక్కలకోట, హళ్లూరులతో పాటు మన వైపు వేల్పుమడుగు, సింగనపల్లె, రూపనగుడి, పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్ల మట్టిని పరీక్షించింది.

దాదాపు ప్రతిచోటా ఎదురైనవి నాలుగే: అండుకొర్రలు, కొర్రకు దగ్గరి చుట్టమైన, బట్టకు అంటుకునే కంకి గల ఒక గడ్డి, ఉలవలు, పెసలు. నాలుగూ వానాకాలపు మెట్ట పంటలే, నాలుగింటి అడవి రూపాలూ దక్షిణ భారతంలోనే ఉన్నాయి. ఆకురాల్చే అడవి పలచబడి గడ్డి నేలగా మారే అంచుల్లో వీటిలో చాలావరకు పక్కపక్కనే దొరుకుతాయి. గోధుమ, బార్లీ కూడా కొన్ని ఊళ్లలో కనిపిస్తాయి కానీ అవి తర్వాత వచ్చినవి, చలికాలంలో తడి కావలసినవి, ఎక్కువ చోట్ల కొద్దిపాటివే. వరి ఊసు ఆ కాలంలో దాదాపు లేదు. మన పాఠాల్లో తొలి రైతు చేతిలో వరి కంకి గీసే చిత్రకారులు ఇది గమనించాలి.

ఇక మెట్టరైతు గారి మాటకు వస్తే, గింజను ఏరుకోవడం వేరు, పండించడం వేరు. ఒక ఊరి మట్టిలో ఉలవ దొరికినంత మాత్రాన అది చేనులో పండిందో, అడవిలో ఏరిందో చెప్పలేము. ఆ తేడా గింజ మీదే వెతకాలి.

మెట్టరైతు:
ఆ తేడా ఎలా పోల్చుతారో శాస్త్రవేత్తల మాట తర్వాత వింటాను. మా అనుభవం ఇది. పెసర కాయ ఎండ ముదిరాక ముట్టుకుంటే చిట్లుతుంది, రెండు తొక్కలూ మెలి తిరిగి గింజ చిమ్ముతుంది. అందుకని కూలీలను తెల్లవారకముందే తోలుకుపోయి, మంచు పదును మీదే కోయిస్తాం. ఉలవను కోయం, తీగ పసుపు తిరగగానే వేళ్లతో పీకి, కట్టలు కట్టి కల్లానికి చేరుస్తాం. అక్కడ ఎండబెట్టి కర్రలతో కొడతాం. దారిలో, చేనులో రాలినది రాలినట్టే, అది పిట్టలకు. కల్లందాకా వచ్చిన గింజే మాకు, అందులోంచే మళ్లీ విత్తనం.

ఇంకో మాట. మా ఇళ్లలో ఉలవ ముందు ఎద్దుకే. గుగ్గిళ్లు ఉడకబెట్టి ఎద్దులకు పెట్టాక మిగిలిన కట్టుతో మనిషికి చారు. మొదట పశువు కోసమే పండించారేమో కూడా ఆలోచించండి.

అండుకొర్ర:
మెట్టరైతు గారూ, మీరు పెసర, ఉలవల గురించి రాసిన ఆ నాలుగు వాక్యాల్లో పంటమొక్క పుట్టుక మొత్తం ఉంది. అడవి మొక్కకు గింజ రాలడమే బతుకు. రాలకపోతే దాని వంశం నిలవదు. కానీ ప్రతి చేనులోనూ ఎక్కడో ఒకటి, జన్యువులో వచ్చిన మార్పు వల్ల, కాయ సరిగా చిట్లని మొక్క ఉంటుంది. మనిషి మొక్కను పీకో, కొడవలితో కోసో తీసుకుపోయినప్పుడు చిట్లేవి దారిలో రాలిపోయి, చిట్లనివే ఎక్కువ పాళ్లలో కల్లానికి చేరతాయి. వాటినే మళ్లీ కొత్త నేలలో విత్తితే తరతరానికీ చిట్లనివాటి వాటా పెరుగుతుంది. ఎవరూ ఏమీ ఉద్దేశించనక్కర్లేదు. గింజను బుట్టలోకి దులిపి తెచ్చుకునే పద్ధతిలో మాత్రం ఈ మార్పు రాదు, పైగా చిట్లే మొక్కలకే మేలు జరుగుతుంది.

పప్పుధాన్యాల్లో ఇంకో గుర్తు గింజ తొక్క. అడవి ఉలవ తొక్క మందం, నీళ్లు లోపలికి పోనివ్వదు, అందుకే ఒక ఏడు పడిన గింజల్లో కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే వానకు, మరికొన్ని ఆ తర్వాత మొలుస్తాయి. కరువు నేలలో అది తెలివైన ఏర్పాటే. విత్తే మనిషి చేతిలో పడ్డాక, విత్తిన ఏడే మొలిచి కాసినది మాత్రమే మరుసటి విత్తనంలోకి చేరుతుంది. అలా తొక్క పలచబడుతుంది. ఛార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ కలిసి మాడిన పాత ఉలవ గింజలను పగలగొట్టకుండా, శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో లోపలి తొక్క మందాన్ని కొలిచి 2017లో ప్రచురించారు. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్ది నాటి దక్షిణాది గింజల్లో మందపు తొక్కవీ, పలచనివీ రెండూ కలిసే ఉన్నాయి. మార్పు అప్పటికి నడుస్తూ ఉంది, పూర్తిగా స్థిరపడటానికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది.

ఎద్దు కోసం ఉలవ అన్న మీ ఊహ బాగుంది. కానీ ఆ ఊళ్లలో పొయ్యిల చుట్టూ మాడిన గింజలు, కొండ బండల మీద నూరి నూరి పడిన గుంతలు చూస్తే మనుషులు తిన్నారన్నదే ముందు తేలుతుంది. దున్నే ఎద్దు ఉన్నదనడానికి ఆ తొలికాలంలో గట్టి ఆధారం లేదు.

యూఫ్రటీసు:
నేను కొన్నేళ్లు టర్కీలో ఉద్యోగం చేశాను. పశ్చిమాసియాలో వరుస మన దక్కనుకు దాదాపు తలకిందులుగా ఉంటుంది కనుక ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది.

అక్కడ జనం పంట పండించకముందే ఒకచోట స్థిరపడ్డారు. నటూఫియన్లు అని పిలిచే వేటగాళ్లు, అడవి గోధుమ, బార్లీ, జింక జాతి గజెల్ దండిగా దొరికే చోట గుండ్రటి ఇళ్లు కట్టుకున్నారు. జోర్డాన్‌లోని షుబైకా అనే చోట 14,000 ఏళ్ల కిందటి పొయ్యిలో మాడిన రొట్టె తునకలు దొరికాయి. అప్పటికి వ్యవసాయం పుట్టడానికి ఇంకా నాలుగు వేల ఏళ్లు ఉంది. గోబెక్లీ టెపెలో టన్నుల బరువున్న రాతి స్తంభాలను క్రీస్తుపూర్వం 9500 ప్రాంతంలో చెక్కి నిలబెట్టినవారు కూడా వేటగాళ్లే. పంట పండితేనే తీరిక, తీరిక ఉంటేనే కట్టడం అన్న సూత్రం ఆ తవ్వకంతో బాగా దెబ్బతింది.

పంతులు గారు అడిగిన చాకిరీ ప్రశ్నకు అక్కడే జరిగిన ఒక ప్రయోగం గుర్తొస్తోంది. 1960ల్లో జాక్ హార్లన్ అనే అమెరికా శాస్త్రవేత్త, టర్కీ ఆగ్నేయంలోని కరాజదాగ్ కొండవాలు మీద, చెకుముకి రాతి కొడవలితో అడవి గోధుమను కోసి చూశాడు. గంటకు కిలోకు పైగా శుభ్రమైన గింజ వచ్చింది. ఒక కుటుంబం మూడు వారాలు శ్రమిస్తే ఏడాదికి సరిపోను గింజ కూడబెట్టగలదని ఆయన లెక్కగట్టాడు. అలాంటి చోట విత్తవలసిన అవసరమే లేదు! కాబట్టి విత్తడం మొదలైంది పుష్కలంగా దొరికే చోట కాకుండా, దాని అంచుల్లోనో, దొరకడం తగ్గిన కాలంలోనో అన్న వాదన అక్కడి నుంచే బలపడింది. క్రీస్తుపూర్వం 10900 నుంచి 9700 దాకా వాతావరణం మళ్లీ చల్లబడి, పొడిబారిన దశను చాలామంది ఇందుకు కారణంగా చూపుతారు, ఒప్పుకోనివారూ ఉన్నారు.

సిరియాలో అబూ హురేరా అనే ఊరి తవ్వకం (ఆనకట్ట నీళ్లలో మునిగిపోయే ముందు, మన నాగార్జునకొండలాగే, 1972, 1973ల్లో హడావిడిగా తవ్వారు) ఇంకో విషయం చూపించింది. అక్కడి జనం పంటలు పండిస్తూ కూడా వెయ్యేళ్లకు పైగా మాంసానికి గజెల్ వేట మీదే ఆధారపడ్డారు. గొర్రె, మేక ప్రధానమైంది ఆ తర్వాతే. అంటే అక్కడ పంట ముందు, పశువు తర్వాత.

ఆ ఊరి ఆడవారి ఎముకలను థెయా మోల్సన్ పరిశీలించారు. కాలి బొటనవేళ్ల కీళ్లు అరిగి, మోకాళ్లు, నడుము దెబ్బతిని ఉన్నాయి. వేళ్లు మడిచి మోకాళ్ల మీద కూర్చుని, ముందుకూ వెనక్కీ ఊగుతూ రోజూ గంటల కొద్దీ నూరుడు రాయి తోసిన గుర్తులవి. సేద్యం తీరిక తెచ్చిందన్న మాటను వారెవరూ ఒప్పుకొని ఉండరు.

నల్లమల:
తీరిక సంగతి వచ్చింది కనుక మన నల్లమల చెంచుల గురించి. 1940లో మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ వారి మధ్య ఉండి రాసిన వివరాల్లో, ఇనుప మొన తొడిగిన తవ్వుకర్రతో దుంపలు తవ్వడం, తేనె, పండ్లు సేకరించడం, ఏ రోజు తిండి ఆ రోజుకే చూసుకోవడం కనిపిస్తాయి. అయితే కొన్ని కుటుంబాలకు అప్పటికే ఆవులు, గేదెలు కూడా ఉన్నాయి. పొలం లేదు, పశువు ఉంది. ఈ చర్చ మొదట్లో దక్కను గురించి చెప్పిన వరుస అసాధ్యమేమీ కాదని ఇది చూపిస్తుంది.

కానీ ఒక హెచ్చరిక చేయక తప్పదు. చెంచులను రాతియుగం నుంచి మిగిలిపోయినవారిగా చూసే అలవాటు మన రాతల్లో ఎక్కువ. వారు వందల ఏళ్లుగా మైదానపు రైతుల పక్కనే, వారితో తేనె, చింతపండు, గింజలు మార్చుకుంటూ బతికినవారు. సేద్యం తెలియక దూరంగా ఉన్నారనడం కన్నా, తెలిసీ దూరంగా ఉన్నారనడమే నిజానికి దగ్గర. పంతులు గారి ప్రశ్నలో సగం జవాబు అక్కడే ఉంది: అడవి ఉన్నంతకాలం చాలామంది సేద్యాన్ని నెత్తికెత్తుకోలేదు.

సందేహి:
ఇంతసేపూ అందరూ "మారారు" అంటున్నారు. ఎవరు మారారు? దక్కనులో గొర్రెకు గానీ, మేకకు గానీ అడవి పూర్వీకులు లేవు. అవి వాయవ్యం నుంచి, మనుషుల వెంట నడిచి వచ్చాయి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీస్తుపూర్వం 7000 ప్రాంతం నుంచే బార్లీ, మూపురం ఆవులు, మేకలు ఉన్నాయి. ఆ పశువుల కాపరులు తరతరాలుగా దక్షిణానికి జరుగుతూ వచ్చి, దిబ్బలు పెట్టారు. అటువంటప్పుడు ఇది వేటగాడు రైతుగా మారిన కథ కాదు, వలస కథ. ఇక్కడి వేటగాళ్లు ఏమయ్యారో ఎవరూ చెప్పడం లేదు.

రాతిగొడ్డలి:
సందేహి గారు పట్టుకున్నది అసలైన చిక్కు. పశువు విషయంలో వారి మాట చాలావరకు నిలుస్తుంది. గొర్రె, మేక బయటివే, మూపురం ఆవును మచ్చిక చేసిన ముఖ్య స్థలం సింధు ప్రాంతమే. కానీ పశువు నడిచి వచ్చినంత మాత్రాన ఊరు ఊరంతా నడిచి వచ్చిందని చెప్పలేము. పది మంది నుంచి పది మందికి, పెళ్లి కట్నంగా, మారకంగా, దొంగతనంగా మంద చేతులు మారుతుంది. వేటగాడు జింకను వెంబడించడం మానకుండానే నాలుగు ఆవులను దొడ్లో కట్టుకోగలడు, పైన నల్లమల గారు చెప్పింది అదే.

వలస వాదానికి గట్టి అడ్డంకి గింజల దగ్గర వస్తుంది. వాయవ్యం నుంచి రైతులు తరలివచ్చి ఉంటే, తమ గోధుమ, బార్లీలను మొదటి రోజు నుంచే వెంట తెచ్చుకునేవారు. దక్కనులో అందుకు విరుద్ధంగా, ఇక్కడి గడ్డి, ఇక్కడి కాయధాన్యమే వంటింట్లో ముందు కనిపిస్తున్నాయి. ఏ వాలులో ఉలవ తీగ పాకుతుందో, ఏ వానకు అండుకొర్ర వెన్ను తీస్తుందో తరాలుగా తెలిసినవారే వాటిని చేనులోకి తెచ్చి ఉండాలి. ఆ తెలివి ఇక్కడి అడవిలో ఏరుకొని తిన్నవారిది. పాత కర్నూలు జిల్లా జ్వాలాపురం కొండగుహల్లో 35,000 ఏళ్ల కిందటి నుంచే సన్నని రాతి పలుకులతో పనిముట్లు చేసుకున్న వేటగాళ్లు ఉన్నారు. అంత కాలం ఇక్కడ బతికినవారు కాపరులు రాగానే మాయమయ్యారనుకోవడం కన్నా, కొందరు వారిలో కలిశారనీ, కొందరు అడవిలోనే ఉండిపోయారనీ అనుకోవడమే నాకు సబబుగా తోస్తోంది.

సందేహి:
వంటింటి వాదన బలమైనదే, ఒప్పుకుంటాను. కానీ వాయవ్యపు రైతు గోధుమ తెచ్చుకున్నా, చలికాలపు తడి లేని ఈ నేలలో రెండేళ్లలో వదిలేసి ఇక్కడి గింజ ఎత్తుకొని ఉండవచ్చు కదా? పంట మారినంత మాత్రాన మనిషి ఇక్కడివాడని రుజువు కాదు.

అండుకొర్ర:
ఆ అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. కానీ కాలం లెక్క చూస్తే దాని బలం కొంత తగ్గుతుంది. రేడియో కార్బన్ తేదీలను బట్టి, దిబ్బల తొలి దశ సుమారు క్రీస్తుపూర్వం 3000 నుంచి 2200 దాకా. కొండల మీద, కొండల పక్కన ఊళ్లు పెరిగి, చిన్న గింజలూ పప్పులూ సమృద్ధిగా కనిపించేది ఆ తర్వాతి దశలో. గోధుమ, బార్లీ క్రీస్తుపూర్వం 1900 ప్రాంతం నుంచి వచ్చి చేరతాయి, అప్పటికి ఉలవ, పెసర ఇక్కడ పాతబడ్డాయి. బయటి పంట ముందు వచ్చి ఓడిపోయిన ఆనవాలు లేదు, ఆలస్యంగా వచ్చి పక్కన చోటు సంపాదించుకున్న ఆనవాలే ఉంది.

ఈ నిదానం మన దగ్గరే కాదు. పశ్చిమాసియాలో అడవి గోధుమను కొన్ని తరాల్లోనే పంటగోధుమగా మార్చేయవచ్చని 1990లో ప్రయోగాల ఆధారంగా లెక్కగట్టారు. తవ్వకాల్లో దొరికిన కంకి ముక్కలను లెక్కపెడితే అక్కడ దాదాపు రెండు వేల ఏళ్లు పట్టినట్టు తేలింది. చైనాలోని తియాన్‌లువోషాన్ అనే చోట రాలని వరి గింజల వాటా 27 శాతం నుంచి 39 శాతానికి పెరగడానికే సుమారు 300 ఏళ్లు పట్టింది. అంత కాలమూ ఆ జనం వరితో పాటు సింఘాడా కాయలు, సింధూర (ఓక్) జాతి చెట్ల కాయలు ఏరుకొని తింటూనే ఉన్నారు. వారిని వేటగాళ్లనాలా, రైతులనాలా? రెండూ అనాలి, పన్నెండు పదిహేను తరాల పాటు రెండూ అనాలి.

బడిపంతులు:
అందరికీ కృతజ్ఞతలు. నాకు అర్థమైనంతలో, దక్కనులో మంద ముందు, చేను తర్వాత. పశ్చిమాసియాలో ఊరు ముందు, పంట తర్వాత, పశువు ఆ తర్వాత. దీన్ని పిల్లలకు చెప్పవచ్చు. కానీ చాకిరీ ప్రశ్నకు జవాబు ఇంకా పూర్తి కాలేదు. అడవి ఉన్నంతకాలం జనం సేద్యం వైపు వెళ్లలేదంటే, మన దగ్గర అడవికి ఏమైంది?

నల్లమల:
మీ ప్రశ్నలోనే జవాబు ఉండవచ్చు, పంతులు గారూ. ఆ సహస్రాబ్దుల్లో రుతుపవనం బలహీనపడి, దక్కను నడిమి భాగంలో అడవి పలచబడి గడ్డి పెరిగిందన్న వాదన ఉంది. గడ్డి పెరిగితే మందకు మేత, మంద పెరిగితే అడవి మొలక లేవదు. మేకలు తిరిగిన గుట్ట మళ్లీ చిక్కబడటం మీరు ఎక్కడైనా చూశారా? అందులో దుంపలు, కాయలు, వేట తగ్గుతాయి. అంటే పశువును కట్టుకోవడమే నెమ్మదిగా ఏరుకొనే తిండిని తగ్గించి, చేను వైపు నెట్టి ఉండవచ్చు.

మెట్టరైతు:
దానికి పిల్లల సంగతి కూడా కలపండి. రోజూ మకాం మార్చే తల్లి చంకలో ఒక్క బిడ్డనే మోయగలదు. ఒకచోట ఉండి, గంజి తాగించగలిగే ఇంట్లో బిడ్డకూ బిడ్డకూ ఎడం తగ్గుతుంది. నోళ్లు పెరిగాక, చేను వదిలి అడవికి పోతామన్నా అడవి చాలదు.

యూఫ్రటీసు:
ఎముకల పరిశోధకులు చెప్పేది మెట్టరైతు గారి మాటకు దగ్గరగానే ఉంది. 1984లో కోహెన్, ఆర్మెలగోస్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటం, ప్రపంచంలో చాలాచోట్ల సేద్యం మొదలైన తరాల్లో పళ్ల పుప్పి, రక్తహీనత గుర్తులు పెరిగాయనీ, కొన్నిచోట్ల ఎత్తు కూడా తగ్గిందనీ చూపించింది. అదే సమయంలో శ్మశానాల్లో పిల్లల పాలు పెరగడాన్ని ఆ తర్వాతి పరిశోధకులు జననాలు పెరిగినట్టుగా అర్థం చేసుకున్నారు. మనిషి మనిషికీ ఆరోగ్యం తగ్గింది, మనుషుల సంఖ్య మాత్రం పెరిగింది. దక్కను ఊళ్లలోనూ ఇళ్ల నేల కింద కుండల్లో పెట్టి పాతిన పసిబిడ్డల ఎముకలు చాలాచోట్ల దొరికాయి.

పాలమూరు బిడ్డ:
అండుకొర్ర గారికి ఒక చివరి ప్రశ్న. దిబ్బల తొలి దశలో గింజలు తక్కువ అన్నారు. అప్పట్లో తక్కువ వాడారా, లేక దొడ్డిని తవ్వి వంటిల్లు తవ్వకపోవడం వల్ల తక్కువ దొరికాయా?

అండుకొర్ర:
అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఇంతవరకు గింజలు ఎక్కువగా దొరికింది ఊళ్ల మట్టిలో, అంటే తర్వాతి దశ మట్టిలో. తొలి దశకు మనకున్నవి ముఖ్యంగా దొడ్లు, అక్కడ వంట జరగదు, మాడిన గింజ పడదు. పైగా ఉట్నూరును తవ్విన 1957 నాటికి మట్టిని నీళ్లలో తేల్చే పద్ధతి మన దగ్గర లేదు. కాబట్టి మంద ముందు, చేను తర్వాత అన్న వరుసను నేను నమ్ముతున్నాను గానీ, ఆ రెంటి మధ్య ఎడం ఎంత అన్నది మాత్రం తొలి దశ దిబ్బల పక్కన మనుషులు పడుకొని వండుకున్న చోటును వెతికి, ఆ మట్టిని తేల్చి చూస్తేనే తేలుతుంది. బూదిహాళ్‌లో దొడ్డి పక్కనే ఇళ్లు బయటపడ్డాయి కనుక, మీ వైపు మిగిలిన దిబ్బల చుట్టూ ఉన్న చేలలో కూడా అలాంటి చోట్లు ఉండాలి. దిబ్బను తోలేసినా, పక్క చేను కింద రెండడుగుల లోతున ఆ పొర చెక్కుచెదరకుండా ఉండే అవకాశం ఉంది. నూరుడు రాళ్లు, నున్నగా అరగదీసిన గొడ్డళ్లు, బూడిద రంగు కుండ పెంకులు నాగటి చాలులో పైకి వచ్చే చేను ఏదైనా మీ ఎరుకలో ఉంటే, రాళ్లను ఇంటికి తీసుకుపోకుండా, సర్వే నంబరుతో సహా రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేయండి.